సక్యులెంట్లకు రోజుకు ఎన్ని గంటల ఎండ కావాలి? పడమటి బాల్కనీ ఉన్నవారికి నా సమాధానం

మీరు రాసిందాన్ని ముందు నాకు అర్థమైనట్టు చెప్పుకుంటాను. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు, పడమటి వైపు బాల్కనీ. జనవరిలో నర్సరీ నుంచి మూడు సక్యులెంట్లు (దళసరి ఆకుల్లో, కాడల్లో నీరు దాచుకునే మొక్కలు) తెచ్చుకున్నారు: పువ్వులా ఆకులు పేర్చుకున్న ఎచెవేరియా, తెల్ల చారల హావోర్తియా, ఒక జేడ్. హాల్లో టీవీ పక్కన పెడితే మార్చి నాటికి ఎచెవేరియా మెడ సాచి ఒక పక్కకు వాలిపోయింది. ఎండ చాలడం లేదని ఎవరో చెప్పారు. ఏప్రిల్‌లో మూడింటినీ బాల్కనీ గోడ మీదికి మార్చారు. నాలుగు రోజుల్లో ఆకుల మీద తెల్లటి మచ్చలు వచ్చాయి. నీడలో ఉంచితే సాగింది, ఎండలో పెడితే మాడింది, ఇంతకూ రోజుకు ఎన్ని గంటల ఎండ ఇవ్వాలని మీ ప్రశ్న.

ఒక అంకె చెప్పి ఊరుకుంటే వచ్చే వేసవిలో మీకు మళ్లీ ఇదే జరుగుతుంది. చాలాచోట్ల ఆరు గంటలని రాసి ఉంటుంది. ఉదయం ఆరు నుంచి పన్నెండు దాకా ఆరు గంటలే. పన్నెండు నుంచి సాయంత్రం ఆరు దాకా కూడా ఆరు గంటలే. ఏప్రిల్ నెలలో ఈ రెండు ఆరు గంటల్లో ఏదో ఒకటి ఆరుబయట నిలబడి గడపమంటే మీరు దేన్ని ఎంచుకుంటారో, మీ మొక్క కూడా దాన్నే ఎంచుకుంటుంది. సక్యులెంట్ విషయంలో ఈ తేడా మిగతా మొక్కల కంటే చాలా ఎక్కువ. ఎందుకో చెబుతాను. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా జాగ్రత్తలన్నీ మీకే తోస్తాయి.

మందారం, తులసి, గులాబీ పగటిపూట ఆకుల్లోని సన్నని రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. ఆ దారినే నీటి ఆవిరి బయటికి పోతుంది. మనకు చెమట పట్టి ఒళ్లు చల్లబడినట్టే వాటి ఆకులు చల్లబడతాయి. సక్యులెంట్లలో చాలావాటికి ఆ వెసులుబాటు లేదు. అవి నీరు కరువైన నేలల్లో పుట్టినవి కాబట్టి పగలు రంధ్రాలు మూసుకుని కూర్చుంటాయి. రాత్రి చల్లబడ్డాక తెరిచి, బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకుని, మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకుల్లో దాచుకుంటాయి. పుల్ల ఆపిల్‌లో ఉండే ఆమ్లం అదే. తెల్లవారాక తలుపులు బిగించుకుని, ఎండ వెలుగుతో ఆ నిల్వను కరిగించి ఆహారం తయారు చేసుకుంటాయి.

ఇది మీ నాలుకతోనే పరీక్షించుకోవచ్చు. రణపాల మొక్క దగ్గరలో ఉంటే తెల్లవారుజామున చిన్న ఆకు ముక్క నమిలి ఉమ్మేయండి, చింతచిగురులా పుల్లగా తగులుతుంది. మధ్యాహ్నం అదే మొక్క ఆకును నమిలితే పులుపు దాదాపు ఉండదు. పొద్దు వాలే వేళకు కొంచెం చేదెక్కుతుంది. ఈ మార్పును గమనించి లండన్‌లోని ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘం లిన్నియన్ సొసైటీకి రాసి పంపినవాడు బెంజమిన్ హైన్. ఆ లేఖ 1815లో అచ్చయింది. మన దేశపు మొక్కలను గ్రంథస్థం చేసిన విలియం రాక్స్‌బర్గ్ తర్వాత మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట బాధ్యతలు చూసిన వృక్షశాస్త్రజ్ఞుడు ఆయనే. గోదావరి ప్రాంతంలో పెరిగినదాన్ని కాబట్టి ఈ ముచ్చట చెప్పకుండా ఉండలేను.

ఇక మీ బాల్కనీకి వద్దాం. పగలంతా రంధ్రాలు మూసుకున్న దళసరి ఆకు మీద నేరుగా ఎండ పడితే ఆ వేడి పోయే దారి లేదు. అలాంటి ఆకు చుట్టూ ఉన్న గాలి కంటే 10 డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. ఉదయం ఏడు గంటలకు గాలి 27 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ 10 డిగ్రీలు పెరిగినా ఆకుకు ఏమీ కాదు. మధ్యాహ్నం మూడున్నరకు గాలే 41 డిగ్రీలు ఉన్నప్పుడు పెరిగితే ఆకు కండ ఉడుకుతుంది. పైగా పడమటి గోడ, సిమెంటు గట్టు అప్పటికే కాగి ఉంటాయి, పొద్దుపోయాక కూడా గంటల తరబడి వేడి వదులుతూనే ఉంటాయి. రాత్రి చల్లబడితే తప్ప మొక్క రంధ్రాలు సరిగా తెరుచుకోవు, మర్నాటికి కావలసిన నిల్వ సరిగా చేరదు. అంటే పడమటి ఎండ మొక్కను పగలు కాల్చి, రాత్రి ఆకలితో ఉంచుతుంది. తూర్పు బాల్కనీలో మూడు గంటల లేత ఎండతో కళకళలాడే ఎచెవేరియా, పడమటి బాల్కనీలో అదే మూడు గంటలకు మాడిపోవడానికి కారణం ఇదే.

తెలుగులో మనకు నీరెండ అని చక్కని మాట ఉంది. పొద్దున్నే ఏటవాలుగా పడే, ఒంటికి హాయిగా తగిలే ఎండ. ఇంట్లో పెంచే సక్యులెంట్లలో చాలావరకు కోరుకునేది ఆ నీరెండనే. మన ఊళ్లలో వేసవిలో అది తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. చలికాలంలో పదకొండు దాకా కూడా నీరెండే అనుకోవచ్చు.

దిక్కుల గురించి మీకు వచ్చిన అయోమయం కూడా సహజమే. మొక్కను దక్షిణం కిటికీలో పెట్టమని మీరు చదివానన్నారు. ఆ సలహా రాసినవారు అమెరికాలోనో యూరప్‌లోనో ఉండి ఉంటారు. అక్కడ ఏడాది పొడవునా మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణం వైపే ఉంటాడు. న్యూజెర్సీ దాదాపు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నేల నుంచి 27 డిగ్రీల ఎత్తు దాటడు, కాబట్టి దక్షిణం కిటికీ అక్కడి మొక్కకు ప్రాణాధారం. మీ అమ్మాయి అక్కడే ఉంటుందని రాశారు కదా, ఆమెకు ఆ సలహా నూటికి నూరుపాళ్లు సరిపోతుంది. హైదరాబాద్ 17 డిగ్రీల పైచిలుకు మీద ఉంది. ఇక్కడ మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా నిలబెట్టిన కర్రకు ఆ క్షణంలో నీడ పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరం వైపు ఉంటాడు. అంటే వేసవి ముదిరే కొద్దీ దక్షిణం కిటికీలోకి ఎండే రాదు, వెలుగు మాత్రమే వస్తుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి అదే కిటికీలోంచి ఎండ గదిలోకి మీటరు, మీటరున్నర దాకా పాకుతుంది. వేసవిలో నీడ, చలికాలంలో ఎండ. మొక్కకు కావలసింది సరిగ్గా అదే. సన్‌షేడ్ మరీ ముందుకు లేకపోతే మన తెలుగు ఇళ్లలో దక్షిణం కిటికీ సక్యులెంట్లకు ఎంతో మంచి చోటు. అక్కడ చాలామంది ఎయిర్ కూలర్ పెట్టేసి కిటికీని మూసేస్తారు, అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

తూర్పు అన్ని కాలాల్లోనూ మంచిది. ఉత్తరం కిటికీలో జూన్, జూలైల్లో ఉదయం, సాయంత్రం కాసేపు ఎండపొడ తగులుతుంది, మిగతా ఏడాదంతా వెలుగే. హావోర్తియాకు అది చాలు. పడమరే కాస్త పని పెడుతుంది. పైగా సూర్యుడు అస్తమించే చోటు ఏడాదంతా ఒకటిగా ఉండదు. జూన్‌లో నేరు పడమరకు సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో అంతే దూరం దక్షిణంగా జరుగుతుంది. చలికాలంలో పక్కగోడ నీడ పడుతున్న మూల వేసవిలో నేరుగా ఎండలో ఉండవచ్చు. అందుకే మీ బాల్కనీలో ఏ మూల ఎప్పుడు ఎండ పడుతుందో ఒక ఆదివారం గంట గంటకూ చూసి సుద్దతో గీతలు గీయండి. మూడు నెలలకోసారి అలా చూసుకుంటే చాలు. నేను ఇప్పటికీ చేస్తాను.

హాల్లో ఎందుకు సాగిపోయిందో చెప్పాలి కదా. మన కళ్లు మనల్ని బాగా మోసం చేస్తాయి. వెలుగు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి గది మనకు వెలుతురుగానే కనిపిస్తుంది. ఫోనులో వెలుగు కొలిచే యాప్‌లు దొరుకుతాయి, అంకె అంత కచ్చితంగా ఉండకపోయినా తేడా మాత్రం కళ్లకు కడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం మేడ మీద ఆరుబయట లక్ష లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాకా చూపిస్తుంది. మా హాలు కిటికీకి ఆనుకుని, ఎండ పడని చోట నాలుగైదు వేలు. అక్కడి నుంచి రెండు అడుగులు వెనక్కి వేస్తే వెయ్యి. టీవీ దగ్గర 200. నా అనుభవంలో ఎచెవేరియా ముద్దగా, పొట్టిగా పెరగాలంటే రోజులో కొన్ని గంటలైనా 20 వేలకు తగ్గకూడదు. మీ టీవీ పక్కన ఉన్న చోటు దానికి నూరో వంతు వెలుగు కూడా ఇచ్చి ఉండదు. కిటికీకి దోమల జాలీ ఉంటే, అద్దం రంగుదైతే ఇంకా తగ్గుతుంది. యాప్ లేకపోయినా ఫరవాలేదు. మధ్యాహ్నం మొక్క పెట్టే చోట జానెడు ఎత్తున అరచేయి పట్టండి. వేళ్లు విడివిడిగా కనిపించేంత స్పష్టమైన నీడ పడితే అది ఎండ. అంచులు చెదిరిన నీడ పడితే హావోర్తియాకు సరిపడే వెలుగు. నీడే పడకపోతే అక్కడ ఏ సక్యులెంట్‌నూ పెట్టకండి.

స్నేక్ ప్లాంట్ గదిలో ఎక్కడైనా బతుకుతుందని అమ్మేవారు చెబుతారు. బతుకుతుంది నిజమే. ఏడాదికి ఒక ఆకు వేస్తూ బతకడాన్ని పెరగడం అనలేం. దాన్ని కిటికీ దగ్గరికి జరిపి చూడండి.

సాగిన మొక్కను, మాడిన మొక్కను, కుళ్లుతున్న మొక్కను వేరువేరుగా గుర్తుపట్టడం చాలా ముఖ్యం. చాలామంది ఒకదానికి చేయాల్సిన వైద్యం మరొకదానికి చేసి మొక్కను పోగొట్టుకుంటారు.

సాగడం ఎచెవేరియాలో మొదట పై నుంచి కనిపించదు. ఒంగి పక్క నుంచి చూడండి. మామూలుగా ఆకు మీద ఆకు పేర్చినట్టు ఉండి కాండమే కనబడకూడదు. వెలుగు చాలనప్పుడు కింది ఆకులు గొడుగు ఊచల్లా కిందికి వంగుతాయి, ఆకుకూ ఆకుకూ మధ్య పాలిపోయిన కాండం తొంగిచూస్తుంది. తర్వాతే తల వెలుగు వైపు తిరుగుతుంది. జేడ్‌లో కణుపుల మధ్య దూరం పెరుగుతుంది. హావోర్తియాలో ఆకులు సన్నబడి, నిటారుగా, పొడుగ్గా లేస్తాయి. ఒకసారి సాగిన కాండం ఎంత ఎండ ఇచ్చినా మళ్లీ పొట్టిగా మారదు. ఇక మీదట వచ్చే ఆకులే దగ్గరగా వస్తాయి.

మాడిన మచ్చ ఎప్పుడూ ఎండ తగిలే వైపే ఉంటుంది, ఇది మంచి గుర్తు. మొదటి రోజు ఆకు మీద మెరుపు పోయి, బొటనవేలితో నొక్కినట్టు మసకగా కనిపిస్తుంది. రెండు మూడు రోజులకు ఆ చోటు తెల్లబడుతుంది. వారానికి ఎండిన విస్తరాకు రంగుకు దిగి, కాగితంలా పలచబడి, గుంట పడుతుంది. ముట్టుకుంటే పొడిగా ఉంటుంది. కుళ్లు అలా కాదు. అది కింది నుంచి, మొదలు దగ్గర నుంచి వస్తుంది. ఆకు నీళ్లు నిండినట్టు గాజులా మారి, ముట్టుకుంటే మెత్తగా ఊడివస్తుంది. మీ ఫోటోలో మచ్చలన్నీ ఒకే వైపు, పొడిగా ఉన్నాయి. మీది ఎండదెబ్బే. ఆ ఆకులను తుంచకండి. మచ్చ పడని సగం ఇంకా మొక్కకు అన్నం పెడుతోంది. నడి మధ్యలోని లేత ఆకులు పచ్చగా ఉన్నాయి కాబట్టి మొక్క నిలబడుతుంది, మాడినవి కాలక్రమంలో కింది వరుసకు చేరి వాటంతట అవే రాలిపోతాయి.

మరొకటి, అంచులు ఎర్రబారడం చూసి కంగారు పడకండి. ఎండకు, చలికి మొక్క తయారు చేసుకునే రంగు అది, ఆకుకు గొడుగు లాంటిది. కలబంద వేసవిలో ఇటుక రంగుకు తిరిగి, వానలకు మళ్లీ పచ్చబడటం మీరు చూసే ఉంటారు. రంగు వచ్చిన ఆకు గట్టిగా, నిండుగా ఉంటే అంతా బాగున్నట్టే. అలాగే ఎచెవేరియా ఆకు మీద ద్రాక్షపండు మీద ఉన్నట్టు ఒక బూడిద పొర ఉంటుంది. దుమ్మనుకుని తుడిచేస్తారు. అది మైనపు పూత, ఎండను కొంత వెనక్కి కొట్టేది అదే. తుడిచిన ఆకు మీద ఆ పూత మళ్లీ సరిగా రాదు, వేలిముద్ర పడిన చోటే ముందు మాడుతుంది. కుండీని పట్టుకుని జరపండి, మొక్కను పట్టుకోకండి.

అలవాటు చేయడం గురించి చెబుతాను, ఎందుకంటే నేను ఎక్కువ మొక్కలను పోగొట్టుకున్నది ఇక్కడే. పదిహేనేళ్ల కింద మే నెల మొదట్లో ఒక నర్సరీ నుంచి పదకొండు ఎచెవేరియాలు ఒక ట్రేలో తెచ్చాను. అక్కడ నిగనిగలాడుతూ ఉన్నాయి. ఎడారి మొక్కలు కదా అని నేరుగా మేడ మీద పెట్టాను. రెండు రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి ట్రే అంతా ఉడికిన ముద్ద. రెండే మిగిలాయి. ఆ రెండింటి పిల్లలు ఈరోజుకీ మా ఇంట్లో ఉన్నాయి. ఆ రోజు నేను అడగాల్సిన ప్రశ్న ఒకటే: వీటిని ఇక్కడ ఎక్కడ పెంచారు, నెట్ కిందా, బయటా? నర్సరీల్లో సక్యులెంట్లను ఎక్కువగా గ్రీన్ నెట్ (నీడ కోసం కట్టే ఆకుపచ్చ వల) కిందే ఉంచుతారు. నీడలో పెరిగిన ఆకు చర్మం పలచగా ఉంటుంది. ఎండకు తట్టుకునే ఆకు కొత్తగా రావాలి, లేదా ఉన్న ఆకు నెమ్మదిగా గట్టిపడాలి. మీ మూడు మొక్కలు మూడు నెలలు హాల్లో ఉండి, ఒక్కరోజులో ఏప్రిల్ పడమటి ఎండకు వెళ్లాయి. వాటికి కాస్త వ్యవధి కావాల్సింది.

నేను పాటించే పద్ధతి ఇది. మొదటి వారం నేరు ఎండ లేని, మంచి వెలుగున్న చోటు. రెండో వారం ఉదయం గంటసేపు నీరెండ. మూడో వారం రెండు గంటలు. ఆకు మెరుపు తగ్గినట్టు అనిపిస్తే ఒక మెట్టు వెనక్కి. మొత్తం మీద మూడు నాలుగు వారాలు పడుతుంది. చలికాలంలో మొదలుపెడితే ఇంత జాగ్రత్త అక్కర్లేదు, సంక్రాంతి తర్వాత ఎండ రోజురోజుకూ ముదురుతుంటే మొక్క దానితో పాటే గట్టిపడుతుంది. అందుకే కొత్త మొక్కలను కార్తికమాసంలోనో ఆ తర్వాతో కొనమని నేను అందరికీ చెబుతాను.

మీ మూడు మొక్కల పుట్టిళ్లు వేరు, అందుకే వాటికి ఒకే చోటు కుదరదు. ఎచెవేరియాలు ఎక్కువగా మెక్సికో కొండసీమలవి. అక్కడ ఎండ గట్టిగానే ఉంటుంది, కానీ గాలి చల్లన, రాత్రి ఇంకా చల్లన. మదనపల్లెలో, అరకులో ఉన్నవారు వీటిని మనకంటే సులభంగా పెంచుతారు, కారణం రాత్రి చల్లదనమే. మన దగ్గర చలికాలంలో నాలుగైదు గంటల ఎండ హాయిగా తీసుకుంటాయి. మే నెలలో మాత్రం ఉదయం రెండు గంటలు చాలు, ఆ వేడిలో అవి ఎలాగూ పెరగవు. ఊపిరి బిగబట్టి కాలం గడుపుతాయి.

హావోర్తియా దక్షిణాఫ్రికా మొక్క, అక్కడ పొదల కింద, రాళ్ల సందుల్లో ఒదిగి ఉంటుంది. ఎండ ఎక్కువైతే గోధుమ రంగుకు తిరిగి ముడుచుకుంటుంది. వీటిలో కూపరి అని ఒక రకం ఉంది. దాని ఆకు కొనను వెలుగుకు ఎత్తి చూస్తే తాటిముంజలోంచి చూస్తున్నట్టు ఉంటుంది, లోపలి సన్నని గీతలు కూడా కనిపిస్తాయి. పుట్టినచోట ఆ మొక్క ఒళ్లంతా మట్టిలో పూడ్చుకుని ఆ కొనలను మాత్రమే పైకి ఉంచుతుంది. వెలుగు ఆ కిటికీల్లోంచి దిగి మట్టి కింద ఉన్న పచ్చదనాన్ని చేరుతుంది. ఎండను అంత పొదుపుగా వాడుకునే మొక్కను తెచ్చి పడమటి గోడ మీద పెట్టకూడదు.

జేడ్ విషయంలో ఒక చిన్న తిరకాసు. మన నర్సరీల్లో ఆ పేరుతో రెండు మొక్కలు అమ్ముతారు. ఎర్రటి సన్నని కాడ, చిటికెనవేలి గోరంత ఆకులు ఉంటే అది పోర్ట్యులకారియా. అలవాటైతే పడమటి ఎండకు కూడా తట్టుకుంటుంది. ఆకులు బొటనవేలంత, దళసరిగా, కాడ కూడా లావుగా ఉంటే అది అసలు జేడ్, క్రాసులా. దానికి మధ్యాహ్నం నీడ కావాలి. ఫోటోలో మీది మొదటి రకంలా ఉంది, అందుకే దానికి మచ్చలు తక్కువ.

మీ బాల్కనీలో నిజంగా సంతోషంగా ఉండేవి కూడా ఉన్నాయి. ఎడారి గులాబీకి ఆ ఎండంతా ఇచ్చినా ఇంకా అడుగుతుంది. ముళ్ల కాండం మీద చిన్న పూలు పూసే యుఫోర్బియా మిలీ, అలవాటైన కలబంద, నాచుపూలు, వేలాడగడితే నల్లేరు కూడా. నల్లేరు మన బీడు భూముల్లో కంచెల మీద పాకే సక్యులెంటేనని చాలామందికి తోచదు.

కాలాలను బట్టి మార్పు చేయకపోతే ఎంత మంచి చోటైనా చెడుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా మబ్బు. వెలుగు పడిపోతుంది, గాలిలో తేమ పెరుగుతుంది, మొక్క సాగడం, కుళ్లడం రెండూ అప్పుడే. వేసవిలో లోపలికి జరిపిన మొక్కలను వానలు పడగానే బాల్కనీ అంచుకు తేవాలి, కానీ జల్లు పడకుండా. వెలుగు తగ్గితే నీళ్లు కూడా తగ్గించాలి. ఈ రెండింటినీ విడదీయకండి. ఎండలో ఉన్న కుండీకి వారానికి ఒకసారి పోసిన నీళ్లు, మబ్బు రోజుల్లో మూడు వారాలకు ఒకసారి కూడా ఎక్కువే కావచ్చు. వేసవిలో నీళ్లు పొద్దుపోయి కుండీ చల్లబడ్డాకే పోయండి. కాగిన మట్టిలో మధ్యాహ్నం పోస్తే వేళ్లు ఉడుకుతాయి. నల్ల ప్లాస్టిక్ కుండీల కంటే మట్టి కుండీలు మేలు. కుండీ ఏదైనా సిమెంటు గచ్చు మీద నేరుగా పెట్టకుండా కింద రెండు చెక్కముక్కలు వేయండి.

బాల్కనీయే లేనివారికి ఎల్ఈడీ దీపాలు ఉపయోగపడతాయి. తెల్లటి వెలుగుదే చాలు, ఊదా రంగు అక్కర్లేదు. మొక్కకు జానెడు, జానెడున్నర ఎత్తులో రోజుకు పన్నెండు గంటలు. రాత్రి తప్పక ఆర్పేయండి, వీటి ఊపిరంతా చీకట్లోనే అని ముందే చెప్పాను. పువ్వుల కోసం కలాంచో కొన్నవారికి కూడా ఇదే మాట. రాత్రి నిడివి పెరిగితేనే అది మొగ్గ వేస్తుంది. హాల్లో రోజూ అర్ధరాత్రి దాకా లైటు వెలుగుతుంటే దానికి చలికాలం వచ్చిందని తెలియదు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ఈ రోజే మూడింటినీ గోడ మీది నుంచి దించండి. బాల్కనీ లోపలి గోడకు దగ్గరగా, నేరు ఎండ పడని చోట స్టూలు మీద పెట్టండి. వారం రోజులు నీళ్లు వద్దు. వ్యవసాయ సామాన్ల దుకాణంలోనో హార్డ్‌వేర్ కొట్టులోనో 50 శాతం, అంటే సగం ఎండను ఆపే గ్రీన్ నెట్ మీటర్ల లెక్కన ఇస్తారు. బాల్కనీ పడమటి వైపు రెయిలింగ్ నుంచి పై దాకా కట్టండి, జూన్‌లో వానలు కుదురుకున్నాక విప్పేయవచ్చు. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ పదిహేను రోజులూ నెట్ ఉన్నా సరే ఎచెవేరియాను ఇంకా లోపలికి జరపండి. నెట్ వెనుక ముందు వరుసలో మీ చిన్నాకుల జేడ్, దాని నీడలో ఎచెవేరియా, అందరి వెనుక హావోర్తియా. వారానికోసారి ఎచెవేరియా కుండీని పావు వంతు తిప్పుతూ ఉంటే ఒక పక్కకు వాలదు.

సాగిన మెడను ఇప్పుడు కోయకండి. ఈ వేడిలో గాయం మానదు, వానల్లో కుళ్లుతుంది. దసరా దాటి గాలి పొడిబారాక, పదునైన కత్తితో పువ్వులాంటి ఆకుల గుత్తి కింద అంగుళం కాండం ఉంచి కోయండి. కోసిన తలను నీడలో ఐదు రోజులు ఆరబెట్టి, గరుకు ఇసుక ఎక్కువగా కలిపిన పొడి మట్టి మీద నిలబెట్టండి. రెండు మూడు వారాల్లో గులాబీరంగు వేళ్లు కనిపిస్తాయి, అప్పుడు మొదటిసారి నీళ్లు. కింద మిగిలిన మొండెం పారేయవద్దు. నీరెండలో ఉంచితే దాని పక్కల నుంచి చిన్న చిన్న పిలకలు వస్తాయి. అవి మొదటి రోజు నుంచే మీ బాల్కనీ ఎండలో పుట్టినవి కాబట్టి, వచ్చే ఏప్రిల్‌కు వాటి ఆకు మీ చేతిలో ఉన్న ఈ మొక్క ఆకు కంటే గట్టిగా ఉంటుంది. కోసే ముందు ఒక ఫోటో పెట్టండి, ఎక్కడ కోయాలో గీత గీసి చూపిస్తాను.